కొండుభట్టు ఇంటి వెచ్చదనం

తూర్పు కొండల నడుమ, పొద్దు బారెడెక్కినా పొగమంచు విడవని చోట, పాలకోన అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. మంచు పాలలాగా కోననిండా పరుచుకుంటుందని దానికా పేరు వచ్చింది.

ముందు ఆ రాజ్యాన్ని సింగరాజు ఏలాడు. ఆయన కాలంలో కోట అంటే కొండ దిగువన ఉన్న మట్టికోటే. చలికాలం వస్తే ఆయన కూడా తన రైతుల్లాగే గొంగళి కప్పుకుని, కుంపటి ముందు కూర్చుని తగవులు తీర్చేవాడు. వచ్చినవాడు వాదనకు దిగేముందు ఒకసారి చేతులు కాచుకునేవాడు. చేతులు వెచ్చబడేసరికి సగం కోపం చల్లారేది. ఊళ్ళో ఆడవాళ్ళు దసరా వెళ్ళగానే పాత చీరలు పోగుచేసి బొంతలు కుట్టేవాళ్ళు. మగవాళ్ళు గోడల బీటలకు మట్టీ పేడా కలిపి మెత్తేవాళ్ళు. పుష్యమాసంలో నీళ్ళతొట్టి మీద మంచు పెచ్చుకట్టినా, ఇళ్ళల్లో పిల్లలు వెచ్చగా నిద్రపోయేవాళ్ళు. ఆ రోజులు అలా గడిచాయి.

సింగరాజు తరవాత ఆయన కొడుకు ఉద్దండరాజు గద్దె ఎక్కాడు. మనసు చెడ్డది కాదు గాని, గొప్పలకు పోయే మనిషి. పొరుగు సామంతుణ్ణి ఒకణ్ణి ఓడించాక తనకు తానే 'రాజమార్తాండ', 'రణరంగభీమ' అని బిరుదులు తగిలించుకున్నాడు. ఒకసారి మైదానాల రాజుగారి ఇంట పెళ్ళికి వెళ్ళి, అక్కడి మహలు చూసి ముగ్ధుడైపోయాడు. తాటిచెట్టంత ఎత్తు కప్పు, నాలుగు వైపులా కిటికీలు, కాలు పెడితే చల్లగా తగిలే రాతి నేల. అది ఎండలు మండిపోయే దేశంలో కట్టుకున్న ఇల్లని ఆయనకు తోచలేదు. తిరిగి రాగానే కొండ నెత్తిమీద సరిగ్గా అలాంటిదే కట్టించాడు.

ఆ ఏడాదంతా జనం కొండమీదికి రాళ్ళు మోస్తూనే గడిపారు. గోడలు మెత్తుకోవడానికి గాని, బొంతలు కుట్టుకోవడానికి గాని ఎవరికీ తీరిక చిక్కలేదు.

మహలు పూర్తయిన రోజు రాజుగారు తన ఆస్థాన విదూషకుడు కొండుభట్టును వెంటబెట్టుకుని గదులన్నీ చూపించాడు. కొండుభట్టు పొట్టి మనిషి. ముఖం ఎప్పుడూ అమాయకంగా పెట్టుకుంటాడు. పురాణం చెప్పడం, కొలువులో నవ్వించడం ఆయన పని.

"ఎలా ఉంది భట్టూ?" అన్నాడు రాజు.

"బ్రహ్మాండంగా ఉంది ప్రభూ. వాయుదేవుడికి ఇంతకంటే మంచి విడిది ముల్లోకాల్లో ఉండదు. ఇంతకీ తమరు ఎక్కడ ఉంటారు?"

రాజు అప్పుడు పెద్దగా నవ్వేశాడు. మార్గశిరం వచ్చాక గాని ఆ మాట అర్థం కాలేదు.

మొదటి చలిగాలి వీచిన రోజే మహల్లో వణుకు మొదలైంది. కొలువులో బిరుదులు చదివే వంది పళ్ళు టకటకలాడుతుంటే "రా... రా... రాజ..." అని ఆగిపోయేవాడు. మార్తాండుడు బయటికి వచ్చేసరికి సగం కొలువు అయిపోయేది. రాజు ప్రతి గదిలోనూ నెగళ్ళు వేయించాడు. బళ్ళకొద్దీ కట్టెలు తగలబడుతున్నా వేడి మాత్రం నేరుగా కప్పు దగ్గరికి ఎగిరిపోయేది.

"కప్పు మీద చిత్రించిన అప్సరసలకు చెమటలు పడుతున్నాయి ప్రభూ. వాళ్ళనైనా కాస్త కిందికి దిగమనండి" అన్నాడు కొండుభట్టు ఒకరోజు. రాజుకు ఒళ్ళు మండింది. ఆ చలిలో ఆయనకు మండింది అదొక్కటే.

అందరికంటే ఎక్కువగా బాధపడింది రాజమాత మల్లాంబ. మట్టికోటలో పుట్టెడు పనులు చేసుకుంటూ తిరిగిన మనిషి ఆవిడ. ఈ మహలుకు వచ్చినప్పటినుంచి మోకాళ్ళు బిగుసుకుపోయి మంచం దిగలేదు. మాట కూడా తగ్గిపోయింది. వైద్యులు తైలాలు రాశారు, లేహ్యాలు పెట్టారు. "ఎలా ఉందమ్మా?" అని కొడుకు అడిగితే, "చలిగా ఉంది నాయనా" అనేది, అంతే.

తల్లి మీద ప్రేమ కొద్దీ రాజు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. రాజ్యంలోని కట్టెలన్నీ మహలుకే రావాలి. ఎవరైనా వంటకు తప్ప చలి కాచుకోవడానికి పుల్ల వెలిగిస్తే దేశబహిష్కారం. అడవుల పెత్తనం చూసే చెంగలనాయుడు భటులను వెంటేసుకుని ఊళ్ళో కట్టెల మోపులన్నీ పట్టుకుపోయాడు. బొంతలు లేక, గోడలకు మెత్తు లేక, ఇప్పుడు నిప్పు కూడా లేక ఊరు గజగజలాడింది. పసిపిల్లలకు దగ్గులు పట్టుకున్నాయి. ముసలివాళ్ళు ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ పగలంతా గోడల వెంట కూర్చునేవాళ్ళు.

ఇలా ఉండగా ఒకరోజు చెంగలనాయుడు కొలువులో లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఊళ్ళో ఒక్క ఇల్లు మాత్రం వెచ్చగా ఉంటోంది. వీధిలో ఉన్న పిల్లులన్నీ ఆ ఇంటికే చేరుతున్నాయి. ఆ ఇంట్లో పిల్లలకు దగ్గు లేదు, ముసలమ్మకు ఆయాసం లేదు. దొంగకట్టెలు కాలుస్తున్నారని నా అనుమానం."

"ఎవరి ఇల్లది?"

"మన కొండుభట్టుగారిదే ప్రభూ."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏం భట్టూ? నా తల్లి చలికి వణుకుతుంటే నువ్వు నా కట్టెలు దొంగిలిస్తున్నావా?"

కొండుభట్టు నెమ్మదిగా లేచాడు. "మా ఇల్లు వెచ్చగా ఉంటుందన్నది నిజమే ప్రభూ. కానీ అందులో ఒక్క పుల్ల కూడా కాలదు. వేడిని బయటినుంచి ఎవరో ఒకరు మోసుకొచ్చి మా గదిలో వదిలిపెడుతూ ఉంటారు. మేం దాన్ని పోనివ్వకుండా దాచుకుంటాం."

"వేడిని మోసుకొస్తారా? ఎవడు వాడు?"

"రేపు మధ్యాహ్నం తమరే స్వయంగా దయచేయండి. తమ కళ్ళ ముందే పట్టిస్తాను. పట్టివ్వలేకపోతే బహిష్కారం నాకు. పట్టిస్తే మాత్రం శిక్ష వాడికి. సమ్మతమేనా ప్రభూ?"

"సమ్మతమే."

"ఆ శిక్షేమిటో కూడా తమ నోటితోనే సెలవిస్తే బాగుంటుంది. బహిష్కారం చాలదు. మా ఇంట్లోకి వేడి తెచ్చినవాడు రేపు పొరుగు రాజ్యానికి పోతే, వాళ్ళకూ తెచ్చిపెడతాడు."

రాజుకు అది సబబుగానే తోచింది. కాసేపు గడ్డం నిమురుకుని, "పాత మట్టికోటలో ధాన్యం కొట్టు పక్కన ఒక గది ఉంది. కిటికీ లేదు. చెయ్యెత్తితే దూలం తగులుతుంది. నీ ఇంట్లోకి వేడి తెచ్చినవాణ్ణి శివరాత్రి దాకా అందులో పడేస్తాను" అన్నాడు.

"ఎవరైనా సరేనా ప్రభూ?"

"ఎవడైనా సరే! నా కత్తి మీద ఆన."

ఆ సాయంత్రం సంగతంతా విని కొండుభట్టు భార్య అక్కమ్మ నెత్తి కొట్టుకుంది.

"కొలువులో ఆ నోరు కట్టేసుకోలేరా మీరు? చంటిపిల్లల్నీ మా అమ్మనీ వేసుకుని ఈ చలిలో ఏ దేశం పోతాం?"

"పోవద్దులే. రేపు మాత్రం కుంపటి ముట్టించకు. పిడకల మీద వంట పొద్దున్నే ముగించి పొయ్యి ఆర్పేసెయ్. తలుపులు రెండూ తెరిచి పెట్టు. ఇల్లు బాగా చల్లబడాలి."

"చలికి చస్తాం కదండీ!"

"రాజుగారు వస్తున్నారుగా" అన్నాడు కొండుభట్టు. మాట తేలిగ్గానే అన్నాడు గాని, ఆయనకూ లోపల భయంగానే ఉంది. కత్తి మీద ఆన వేసినంత మాత్రాన రాజులు మాట మీద నిలబడతారని ఏముంది?

మర్నాడు మధ్యాహ్నం రాజు పరివారంతో సహా దిగివచ్చాడు. వెనకాల ఒక పల్లకీ కూడా వచ్చింది. వెచ్చని ఇల్లని చెవినపడగానే రాజమాత "నన్నూ తీసుకుపో నాయనా" అని పట్టుబట్టిందట. ఎన్నాళ్ళకో ఆవిడ నోరు తెరిచి ఒకటి అడిగింది. రాజు కాదనలేకపోయాడు.

కొండుభట్టు ఇల్లంటే ఒక నడిమి గదీ, దాని వెనక వంటిల్లూను. పూరికప్పు, మందపాటి మట్టిగోడలు. గుమ్మానికి గోనెసంచులు కుట్టిన తెర. రాజు తలవంచి లోపలికి వచ్చాడు. తల వంచకపోతే కిరీటం దూలానికి కొట్టుకునేది. గది చల్లగా ఉంది. చెంగలనాయుడు గబగబా వెళ్ళి కుంపట్లో చెయ్యి పెట్టి చూశాడు. చల్లటి బూడిద.

"సాక్ష్యం దాచేశాడు ప్రభూ!" అన్నాడు నాయుడు.

"వెతకండి! కట్టె ఏ మూల దాచినా బయటికి లాగండి. ఎవరూ దొంగచాటుగా ఏదీ బయటికి చేరవెయ్యకుండా తలుపులు రెండూ మూసేయండి!" అని రాజు గర్జించాడు.

భటులు తోసుకుంటూ లోపలికి వచ్చారు. తలుపులు మూశారు, తెర దించారు. ఇక వెతుకులాట సాగింది. చాపలెత్తి చూశారు, అటక ఎక్కి దిగారు, పప్పుల కుండలు కదిపారు. ఆ ఇరుకులో ఒకడి మోచెయ్యి ఇంకొకడి డొక్కలో దిగింది. రాజు మధ్యలో నిలబడి "అక్కడ చూడు, ఇక్కడ చూడు" అని కేకలు పెడుతున్నాడు. కొండుభట్టు పిల్లలు అమ్మమ్మ ఒళ్ళో చేరి బిక్కుబిక్కుమని చూస్తున్నారు.

అక్కమ్మ భయపడుతూనే రాజమాతను చెయ్యిపట్టి తీసుకువచ్చి గోడవార కూర్చోబెట్టింది. అక్కడ ఎండుగడ్డి మందంగా పరిచి, పైన చాప వేసి ఉంది. ముసలావిడ కాళ్ళ మీద పెద్ద బొంత కప్పింది. రాజమాత ఆ బొంత అంచు చేత్తో తడుముతూ ఉండిపోయింది.

కాసేపటికి రాజు భుజం మీది శాలువ తీసి ఒక భటుడి చేతికిచ్చాడు. ఇంకాసేపటికి జరీ అంగరఖా బొత్తాలు విప్పాడు. చెంగలనాయుడు తలపాగా తీసి దాంతోనే మొహం తుడుచుకున్నాడు. అటక మీంచి దిగిన భటుడు ఉస్సురంటూ విసురుకున్నాడు.

"కట్టె దొరకలేదు ప్రభూ" అన్నాడు వాడు.

"ఏడీ మరి? వేడి తెచ్చేవాణ్ణి పట్టిస్తానన్నావు?" అని రాజు నుదుటి చెమట తుడుచుకుంటూ కొండుభట్టు వైపు తిరిగాడు.

కొండుభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, తమరు లోపలికి అడుగుపెట్టినప్పుడు ఈ గది ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

"ఇప్పుడో?"

రాజు చెమటకు తడిసిన తన చేతిని చూసుకున్నాడు.

"కుంపట్లో నిప్పు లేదు. ఇల్లంతా గాలించినా పుల్ల దొరకలేదు. ఎండ కూడా లోపలికి రాకుండా తలుపులు తమరే వేయించారు. ఈ మధ్యలో ఈ ఇంట్లోకి వచ్చింది తమరూ, తమ పరివారమూను. వేడి తెచ్చినవారెవరో ఇక నేను వేరే చెప్పాలా?"

"ప్రభూ, నాక్కూడా చెమట పడుతోంది" అన్నాడు చెంగలనాయుడు, తన మాట రాజుకు సాయపడుతుందనుకుని.

"అయితే నాయుడుగారు కూడా నేరంలో భాగస్వాములే" అన్నాడు కొండుభట్టు. "మా ఇంట్లో రోజూ జరిగేది ఇదే ప్రభూ. నేనూ, నా భార్యా, అత్తగారూ, పిల్లలూ తలా కాస్త వేడి పట్టుకొస్తాం. కప్పు కిందికి ఉంది కాబట్టి అది పైకి పోదు. గోడలకు మట్టీ ఊకా పేడా కలిపి మెత్తాం కాబట్టి పక్కలకు పోదు. కింద గడ్డి ఉంది కాబట్టి నేల లాక్కోదు. పగలు ఎండ వచ్చే వైపు తలుపు తీస్తాం, ఎండ వాలకముందే మూస్తాం. మరీ చలేస్తే వంటపొయ్యిలో మిగిలిన నిప్పు మీద ఇంత ఊక పోసి కుంపటి రాజేస్తాం. ఇక తీర్పు తమదే."

రాజు మొహం కందగడ్డలా అయింది. "అంటే? రాజమార్తాండుణ్ణి నన్నే ధాన్యం కొట్లో ఖైదు చెయ్యమంటావా?"

అక్కమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. కొండుభట్టు తలవంచుకున్నాడు.

అప్పుడు గోడవారనుంచి కిలకిలమని నవ్వు వినిపించింది. రాజమాత! నవ్వుతూ నవ్వుతూ దగ్గు వచ్చి, కళ్ళు తుడుచుకుంది.

"వెయ్యి నాయనా, ఖైదు వేసెయ్. నన్నూ నీతో పాటే వెయ్యి. ముసలిదాన్నయినా నేనూ ఇంత వేడి పట్టుకొచ్చానుగా."

"అమ్మా!"

"ఇలా రా. ఇక్కడ కూర్చో."

రాజు భటుల వైపు ఒకసారి చూసి, సంకోచిస్తూనే వెళ్ళి గడ్డి మీద తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఆ కొట్టు పక్క గది నీకు గుర్తు లేదట్రా?" అంది మల్లాంబ. "నీకు ఊహ తెలిసేనాటికి చలికాలమంతా మనం పడుకున్నది అందులోనే. మీ నాన్న గుమ్మం వైపు పడుకునేవారు, గాలి ఆయనకే తగలాలని. ఆ పక్క నేను, మధ్యలో నువ్వూ నీ చెల్లెళ్ళూ. చలి మరీ ఎక్కువైతే ఈనిన ఆవునూ దూడనూ కూడా లోపలికి తోలేవాళ్ళం. దూడ ఊపిరి వెచ్చగా ఉందని నువ్వు దాని మెడ కావలించుకుని పడుకునేవాడివి. మా అత్తగారు ఉప్పు వేయించి మూటకట్టి మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటూ ఆ చీకట్లోనే కథలు చెప్పేది. ఎవరు ముందు నిద్రపోయేవాళ్ళో తెలిసేది కాదు."

ఆవిడ తన కాళ్ళ మీది బొంతను కొడుకు ఒళ్ళోకి కూడా జరిపింది.

"నువ్వు నాకు పాలరాతి గది ఇచ్చావు. హంసతూలికా తల్పం ఇచ్చావు. కాదనను. కానీ ఆ గదిలో నా గొంతు నాకే తిరిగి వినిపిస్తుంది నాయనా. పక్కన మనిషి లేడు. చలి అందుకే ఎక్కువైంది. ఊళ్ళో వాళ్ళ కట్టెలన్నీ తెచ్చి కాల్చినా అది తీరదు."

రాజు ఆ బొంత మీద చెయ్యి వేశాడు. రంగులు వెలిసిన చీరముక్కలు, వాటి మధ్య పిల్లల చొక్కాల పేలికలు. వేళ్ళతో ఆ కుట్లు తడుముతూ ఏదో ఆలోచనలో పడ్డాడు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని చెంగలనాయుడు కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతున్నాడు. ముందు లోలోపలే నవ్వి, తరవాత గోడకు చేరగిలబడి, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. అది చూసి భటులు నవ్వారు. పిల్లలు నవ్వారు. అంతవరకు గడగడలాడుతున్న అక్కమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"భట్టూ, నా చేతే తలుపులు వేయించావు. నా చేతే శిక్ష చెప్పించావు. నా చేతే వేడి మోయించావు!" అన్నాడు రాజు. "కత్తి మీద ఆన వేశాను, తప్పను. నాయుడూ! ఈ పూటే ఆ గది ఊడ్పించు. గడ్డి పరిపించు. శివరాత్రి దాకా మా కాపురం అక్కడే. ఊళ్ళోంచి తెచ్చిన కట్టెలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్. ఆ మోపులు నువ్వే దగ్గరుండి దింపించు."

చెంగలనాయుడు "చిత్తం" అని తడి తలపాగా నెత్తిన పెట్టుకున్నాడు.

రాజు తన చేతి కంకణం తీసి కొండుభట్టుకు తొడిగాడు. "ఇది నా సంతోషం కొద్దీ ఇచ్చింది. నీకు కావలసింది కూడా ఒకటి అడుగు."

కొండుభట్టు కాస్త ఆలోచించాడు. "ప్రభూ, మహలు కిటికీలకు తమరు వేయించిన పట్టుతెరలు ఉన్నాయి కదా, నెమళ్ళు కుట్టినవి. అవి ఇప్పించండి."

"తెరలా? నీకెందుకవి?"

"ఈ ఏడు ఊళ్ళో ఎవరూ బొంతలు కుట్టుకోలేదు ప్రభూ. రాళ్ళు మోయడంలో తీరిక లేకపోయింది. ఆ తెరలు చింపితే ఊరంతటికీ వస్తాయి."

"మరి నా మహలు బోసిపోదూ?"

"మహలుకు చలి వెయ్యదు ప్రభూ."

రాజు మళ్ళీ పకపక నవ్వి, "పట్టుకుపో!" అన్నాడు.

మర్నాటి నుంచి మట్టికోట ముందర ఎండలో ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని బొంతలు కుట్టారు. రాజమాత కూడా కర్ర ఊతంతో వచ్చి వాళ్ళ మధ్య కూర్చునేది. సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడకు చూపు ఆనేది కాదు. అక్కమ్మ ఎక్కించి ఇస్తే, నోట్లో ఏదో పాత పాట నములుకుంటూ గబగబా కుట్టేది. సాయంత్రమయ్యేసరికి ఇళ్ళ కప్పుల మీంచి సన్నగా పొగలు లేచేవి.

ఆ చలికాలం పాలకోనలో పసిపిల్లలంతా పట్టు నెమళ్ళు కప్పుకుని పడుకున్నారు.